వాలయ్య కడుపుమంట

ఏనుగురాళ్ళ అడవిలో కొండముచ్చులు చెట్ల మీద, చుక్కల దుప్పులు చెట్ల కింద కలిసిమెలిసి బతికేవి. ఒక చిరుత కూడా ఆ అడవిలోనే ఉండేది. దానికి మాత్రం ఎవరితోనూ కలిసిమెలిసి ఉండే అలవాటు లేదు.

కొండముచ్చుల గుంపుకు వాలయ్య కావలివాడు. తెల్లవారగానే మద్దిచెట్టు చిటారుకొమ్మ ఎక్కి కూర్చునేవాడు. పొదల్లో చిరుత కదిలితే చాలు, "ఖఖ్! ఖఖ్!" అని గట్టిగా అరిచేవాడు. ఆ అరుపు వినగానే కింద దుప్పులు పిల్లలతో సహా పరుగు తీసేవి. వాలయ్య గొంతే వాటికి రక్ష.

వాలయ్య పుట్టినప్పటినుంచీ లేత ఆకులు తిని పెరిగాడు. ఆ వేసవిలో ఎక్కడినుంచో ఎర్రమూతి కోతుల గుంపు వచ్చింది. అవి చింతపండూ మేడిపళ్ళూ మూతికి పూసుకుంటూ తినేవి.

"ఏం బావా, ఇంకా ఆకులూ అలములేనా? నువ్వు కొండముచ్చువా, మేకవా?" అని ఒక కోతి నవ్వింది.

వాలయ్యకు తల కొట్టేసినట్టయింది. "రేపటినుంచి ఆకు ముట్టను!" అని ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడు చింతపండూ మేడిపళ్ళూ కడుపుకు పట్టినంత కాదు, చేతికి అందినంత తిన్నాడు. తిన్నవెంటనే కొమ్మ మీద నడుం వాల్చాడు.

కాసేపటికి గుండెల్లో నిప్పు పెట్టినట్టు మంట మొదలైంది. గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నాయి. సరిగ్గా అప్పుడే గంతులయ్య అనే కొండముచ్చు వాగును ఒక్క గంతులో దాటాడు. గుంపంతా శభాష్ అంటోంది.

"అబ్బా, నా కడుపు మండిపోతోంది!" అని మూలిగాడు వాలయ్య.

అందరూ అతనివైపు తిరిగారు. గుంపు పెద్దయ్య మొహం చిట్లించాడు. "సాటివాణ్ణి మెచ్చుకుంటే నీకెందుకయ్యా కడుపుమంట? ఇంత వయసొచ్చింది, సిగ్గుగా లేదూ?"

"అది కాదు పెద్దయ్యా..." అనబోయాడు వాలయ్య. తేన్పు అడ్డొచ్చి మాట ఆగిపోయింది. గుంపంతా పకపకా నవ్వింది.

అప్పటినుంచి వాలయ్య తన బాధ ఎవరికీ చెప్పలేదు. చెబితే అసూయ అంటారని భయం. కోతిని మాత్రం రహస్యంగా అడిగాడు.

"ముల్లును ముల్లుతోనే తియ్యాలి బావా! ఇంకాస్త చింతపండు తిను" అంది కోతి. పనికిమాలిన సలహాకు సామెత తోడైతే ఎవరు కాదంటారు? వాలయ్య తిన్నాడు. మంట రెట్టింపయింది.

ఆ సాయంత్రమే చిరుత వచ్చింది. వాలయ్య చూశాడు. అరవాలని నోరు తెరిచాడు. పుల్లటి తేన్పు తప్ప గొంతులోంచి ఏమీ రాలేదు. చిరుత చుక్కమ్మ అనే తల్లిదుప్పి బిడ్డ మీదకు లంఘించింది. బిడ్డ గింజుకుని తప్పించుకుంది కానీ దాని చెవి చిరిగిపోయింది.

పెద్దయ్య కావలి పని వాలయ్య చేతిలోంచి తీసి గంతులయ్యకు ఇచ్చాడు. వాలయ్య తల దించుకుని చెట్టు దిగాడు. చుక్కమ్మ ఎదురొచ్చింది.

"అన్నా, నిన్ను నమ్ముకునే కదా ఇక్కడ మేస్తున్నాం! నీ గొంతు ఏమైంది?" అంది కోపంగా.

"కడుపుమంటమ్మా" అన్నాడు వాలయ్య.

చుక్కమ్మ నవ్వలేదు. ఎవరి మీద అని అడగలేదు. "ఏం తిన్నావు?" అని అడిగింది.

వాలయ్యకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాడు.

"తొలకరికి కొత్త గడ్డి మొలిచినా నేను దాని మీద ఎగబడను" అంది చుక్కమ్మ. "ముందు పాత గడ్డి తిని, ఆపైన నాలుగు పచ్చి పరకలు కొరుకుతాను. కడుపు ఒప్పుకుంటే మరికాస్త. ఆ పులుపు మానెయ్యి. నీ ఆకులు నువ్వు కొంచెం కొంచెంగా, బాగా నమిలి తిను. తినగానే పడుకోకు."

"నా గొంతు నాకు కావాలి. చేసి తీరతాను" అన్నాడు వాలయ్య.

చెప్పినంత తేలిక కాలేదు. కోతులు పండిన మేడిపళ్ళు ముక్కు దగ్గర ఊపాయి. మేక బావా అని వెక్కిరించాయి. వాలయ్య నోట్లో నీళ్ళూరాయి. అయినా పళ్ళు బిగించి, పక్కకు తిరిగి కూర్చుని తన ఆకులు నమిలాడు. తిన్నాక కునుకు వస్తే లేచి కొమ్మల మీద మెల్లగా తిరిగాడు. మెల్లమెల్లగా మంట చల్లారింది.

ఒకనాడు గంతులయ్య కావలి మరిచిపోయి కోతులకు తన గంతులు చూపిస్తున్నాడు. కింద పొదలు కదిలాయి. చుక్కమ్మ బిడ్డ అటే నడుస్తోంది.

"ఖఖ్! ఖఖ్!"

వాలయ్య అరుపుకు అడవి దద్దరిల్లింది. దుప్పులు చెంగుచెంగున దూకి మాయమయ్యాయి. చిరుత ఉత్త చేతులతో వెనుదిరిగింది.

పెద్దయ్య గబగబా వచ్చాడు. "చుక్కమ్మ నాకంతా చెప్పింది. నీ బాధ అడగకుండా నవ్వాను. తప్పు నాదే. నీ కొమ్మ ఎక్కు వాలయ్యా" అన్నాడు.

వాలయ్య మాత్రం ముందుగా చెట్టు దిగాడు. చుక్కమ్మ బిడ్డ దగ్గరికి వెళ్ళి చిరిగిన చెవిని నిమిరాడు. "దీన్ని మాత్రం నేను బాగుచెయ్యలేనమ్మా" అన్నాడు.

"చెవి చిరిగితేనేం అన్నా" అంది చుక్కమ్మ. "నీ అరుపు వినిపించింది కదా!"

నీతి: పక్కవాడి నోరు చూసి కాదు, మన కడుపును అడిగి తినాలి, బాధ కలిగితే సిగ్గుపడి దాచకుండా, తెలిసినవారికి చెప్పుకోవాలి.