శత్రుశిబిరంలో పేరంటపు పిలుపు

పూర్వం త్రేతాయుగాన, కుసుమపురమనే పట్టణాన్ని పరిపాలిస్తున్న, ధర్మజ్ఞుడూ అతిథిప్రియుడూ కాస్త మతిమరుపు మనిషీ అయిన చిత్రసేన మహారాజు, ఒకానొక యాగాంతాన, పొరుగు రాజ్యాధిపతి, ప్రచండ భుజబలుడు అయిన ఉగ్రధన్వునికి ఇవ్వవలసిన అగ్రతాంబూలాన్ని పరధ్యానంలో పక్కవాని చేతిలో పెట్టాడు. నోరు ఎర్రబడవలసినవాడికి కళ్లు ఎర్రబడ్డాయి. శ్రావణం వచ్చేసరికి కోట చుట్టూ దండు దిగింది. దండం పెట్టినా కదిలే దండు కాదది. మంగళవారం సూర్యాస్తమయంలోగా కోట స్వాధీనం చేయకపోతే ఊరు తగలబెడతానని ఉగ్రధన్వుడు కబురంపాడు.

ఆ మంగళవారమే మంగళగౌరీ నోము.

చిత్రసేనుని పట్టమహిషి, మృదుభాషిణి, గౌరీచరణ పరాయణురాలు అయిన సువ్రతాదేవి తెల్లవారుతూనే తలంటుకొని, పసుపు గౌరమ్మను నిలిపి, శనగలు నానబోసి, కుంకుమభరిణె చేతబట్టి ఇంటింటికీ బయలుదేరింది. భయంతో తలుపులు బిడాయించుకుని ఎవరికి వారు ఏడుస్తున్న ఇల్లాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎవరింట బియ్యం నిండుకున్నాయో, ఎవరింట బెల్లం మిగిలిందో ఒకరికొకరికి అప్పుడు తెలిసింది. మధ్యాహ్నానికల్లా పస్తున్న ఇల్లు లేదు. ఊరంతా తిరిగి రాణి కోట ద్వారం దగ్గర నిలిచింది.

"ఎక్కడికి దేవీ?" అన్నాడు మహారాజు.

"పిలుపులకు ప్రభూ. పొలిమేర లోపల ఒక్క ఆడదాన్ని వదిలినా నోము చెడుతుంది. ఉగ్రధన్వులవారి తల్లిగారు శిబిరంలో ఉన్నారట."

"ఆమె భర్త ఏనాడో పోయాడు. పైగా శత్రువు తల్లి. ఆమెకు బొట్టు పెట్టి పిలుస్తావా?"

"తమరు ఒక్కరిని మరిచిపోతేనే ఇంత దండు వచ్చింది. నన్నూ మరవమంటారా?"

మహారాజు ద్వారపాలకులకు సైగ చేశాడు. తలుపు తెరుచుకుంది.

కుంకుమభరిణెతో వచ్చే ఆడమనిషిని ఆపడమెలాగో ఏ సైనికుడికీ ఎవరూ నేర్పలేదు కనుక, ఎత్తిన కత్తులు దించి దారి ఇచ్చారు. వీరమాత మాలినీదేవి, తన చేతి ముద్ద తప్ప తినని కొడుకు కోసం పొయ్యి ముందు కూర్చుని పప్పు కలుపుతోంది.

"అత్తయ్యగారూ, మా ఇంట పేరంటం. మీరు రావాలి."

"ఎవరిని పిలుస్తున్నావో చూసుకున్నావా తల్లీ? మా ఇంటి పెళ్లిళ్లలోనే నేను వెనక గదిలో ఉంటాను."

"పుట్టినప్పుడు మీ అమ్మగారు పెట్టిన బొట్టండి ఇది. మామయ్యగారు తెచ్చింది కాదు, వెంట తీసుకుపోవడానికి."

మాలినీదేవి నవ్వింది, నవ్వుతూనే కళ్లొత్తుకుంది. "సాయంకాలం మా అబ్బాయి మీ ఊరు తగలబెడతాడుటే."

"ఆలోగానే రండి మరి. శనగలు మిగలవు."

రాణి బొట్టు పెట్టింది. మాలినీదేవి తన కొడుక్కి కబురైనా చెప్పకుండా, పప్పు అడుగంటకుండా చూడమని భటుడికి గరిటె అప్పగించి, వెంట నడిచింది.

గౌరీమందిరంలో పురోహితుని భార్య లేచి నిలబడింది. "ఈవిడకు వాయనమా రాణీగారూ? ఇన్నాళ్ల నోమూ బూడిదలో పోసినట్టే."

అందరూ తలలు దించుకున్నారు. మాలినీదేవి వెనుదిరిగింది. ఆమె అలా అవమానంతో గుమ్మం దాటితే ఊరు దక్కదని ప్రతి స్త్రీకీ తెలుసు. సువ్రతాదేవి ఆమె చెయ్యి పట్టి పీటమీద కూర్చోబెట్టి, పాదాలకు పసుపు రాసి, ఒడి నింపింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

'నేనే మంగళగౌరిని' అని బదులు చెప్పాలి. మాలినీదేవి ఆ మాట తనను గురించి తాను అనుకోలేకపోయింది.

"నేనే" అని పసుపుముద్దలోంచి వినిపించింది. సర్వమంగళ, హరార్ధశరీరిణి అయిన జగన్మాత కోటి చంద్రుల కాంతితో ప్రత్యక్షమై, పురోహితుని భార్యను చూసి చిరునవ్వుతో, "శ్మశానంలో కాపురముండేవాణ్ణి కట్టుకున్నదాన్ని, నన్నే మంగళగౌరి అంటున్నారే, ఈమెకేం తక్కువమ్మా?" అన్నది. ఆ ఇల్లాలు సిగ్గుపడి, తానే వచ్చి మాలినీదేవి చేతులకు గంధం రాసింది.

"వరం కోరుకో సువ్రతా."

"ఈ నోముకు వచ్చిన ఏ ఆడదీ ఇకమీదట గుమ్మంలోనే నిలబడిపోకూడదు తల్లీ."

"తథాస్తు. ఎవరినీ వదలకుండా పిలిచిన ఊళ్లో, పిలవకపోయినా నేనుంటాను."

పొద్దు వాలింది. దివిటీలతో కోట ముందుకు వచ్చిన ఉగ్రధన్వునికి బురుజు మీద, ఊరి ఆడవాళ్లందరి నడుమ, తల్లి కనిపించింది.

"ఈ ఇంటి వాయనం నా ఒళ్లో ఉంది నాన్నా. నిప్పు పెడితే ముందు నా ఒడికి పెట్టు."

తండ్రి పోయేనాటికి అతడు ఉయ్యాలలో ఉన్నవాడు. తల్లి నొసట కుంకుమ చూడడం అదే మొదలు. చేతి విల్లు జారింది.

"అమ్మా, నువ్వింత బాగుంటావని నాకు తెలియదు" అన్నాడు.

సేనల వల్ల కానిది శనగల వల్ల అయింది, సమరం సంబరమైంది. ఉభయ సైన్యాలూ ఒకే పంక్తిని కూర్చుని భోంచేశాయి. ఈ కథ విని అక్షతలు వేసుకున్న అమ్మలకూ, వారి పక్కింటి అమ్మలకూ, ఆ వీధికంతటికీ గౌరమ్మ చల్లని చూపు ఉండుగాక.