తొలిముద్ద ఏ చేనుకు?

బయ్యక్కకు నలభైయారేళ్ళు. రోజూ పొద్దున్నే కోట బురుజు మీద నిలబడి, కింది చేను చూస్తూ వేపపుల్ల నములుతుంది. నెమలికొండ కోట వంటశాలకు ఆమే పెద్ద కనక, దిగమనే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకనాడు రాజు రంగభూపాలుడికి ఉన్నట్టుండి పాత కోట మీద ప్రేమ పుట్టింది. బూజు దులిపించి, బురుజులకు సున్నం కొట్టించాడు.

"పొరుగు రాజుల్ని పిలిచి, మన మట్టిలో పండిన తిండి పెడదాం. తాతల నాటి ఆచారం ఒక్కటీ తప్పకూడదు!" అన్నాడు.

విందు బాధ్యత 'రుచిబ్రహ్మ' సోమనార్యుడిది. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే పుచ్చుకున్నాడు. పొయ్యి ఏ మూల ఉంటుందో తెలియకపోయినా, వంట మీద పూటంతా మాట్లాడగలడు.

మన మట్టి తిండి కోసం ఆయన ఉత్తరాది నుంచి సన్నబియ్యం, కాశ్మీరం నుంచి కుంకుమపువ్వు, సముద్రం అవతల నుంచి ఖర్జూరం తెప్పించాడు. కోట గోడ కింద పేట ఆడవాళ్ళు కొర్ర, కంది, అనుము కలిపి పండించుకునే చేను మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

"విందు కాగానే దాన్ని చదును చేసి గులాబీ తోట వేయిస్తున్నాం. ప్రభువులు ఒప్పుకున్నారు" అన్నాడు బయ్యక్కతో.

"మరి ఆ ఆడవాళ్ళు ఏం తినాలయ్యా?"

"వాళ్ళకేం! పట్టుచీరలు కట్టించి, నెత్తిన ఖాళీ గంపలతో ద్వారం దగ్గర నిలబెడతాం. అతిథులకు పల్లె అందం కనబడొద్దూ?"

"అందంతో కడుపు నిండేదయితే మీకు వంటవాళ్ళెందుకయ్యా?" అని బయ్యక్క లోపలికి వెళ్ళిపోయింది.

విందు నాడు విస్తళ్ళు పరిచారు. రాజు చేయి చాపాడో లేదో, బయ్యక్క అడ్డం వచ్చింది.

"ప్రభూ, ఆచారం! ఈ కోట విందులో తొలిముద్ద, ఆ తిండి పండిన చేనుకే. అక్కడ పెట్టి వచ్చాకే ఎవరైనా తినాలి."

"అవునవును, మా తాతగారు పెట్టేవారు" అని రాజు మురిసిపోయాడు. "సోమనార్యా, చప్పున పెట్టి రా."

రుచిబ్రహ్మ ముద్ద పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"ఏ చేనులో... ప్రభూ?"

జవాబు బయ్యక్క చెప్పింది.

"బియ్యం ముద్దకు ఉత్తరాది, కుంకుమపువ్వుకు కాశ్మీరం, ఖర్జూరానికి ఓడెక్కాలి. గుర్రం సిద్ధంగా ఉందయ్యా. వేగిరం రండి, పాయసం చల్లారిపోతుంది!"

పొరుగు రాజొకాయన ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. రంగభూపాలుడి కడుపు సభంతా వినబడేలా మూలిగింది.

"దగ్గర్లో పండిందేమీ లేదా?"

"ఎందుకు లేదు? పేటలో కొర్రన్నం, అనుముల పులుసు, కందిపచ్చడి సిద్ధం. ఆ చేను కిటికీలోంచే కనబడుతుంది. వచ్చే ఏడు మాత్రం తొలిముద్ద గులాబీ ముళ్ళకే పెట్టుకోవాలి."

సభ గొల్లుమంది. ద్వారం దగ్గరి ఆడవాళ్ళు ఖాళీ గంపలు కింద పడేసి, ఇళ్ళకు పరుగెత్తి కుండలు తెచ్చారు. సోమనార్యుడు కొర్రన్నం ముద్ద మోసుకుంటూ చేను గట్టు దాకా నడిచాడు. అంత దూరం ఆయన నడవడం అదే మొదలు.

పులుసు రెండోసారి వడ్డించుకుని రాజు బయ్యక్కతో అన్నాడు: "తోట వద్దు. ఆ చేను పేటకే రాసిస్తున్నా. అక్కడి మగవాళ్ళ పేర్లు చెప్పు."

"విత్తేదీ, కలుపు తీసేదీ, కోసేదీ ఆడవాళ్ళు ప్రభూ. మగవాళ్ళు తినడానికి వస్తారు. ఆ లెక్కన మీ పేరన కూడా రాయించుకోవచ్చు."

రాజు పొలమారేలా నవ్వాడు. చేను ఆడవాళ్ళ పేరనే రాయించి, బయ్యక్కకు తన చేతి కడియం తీసిచ్చాడు.

మరుసటి ఏడు బయ్యక్క కడియం అమ్మి, ఎద్దుల జత కొని, కోట కొలువు మానేసి ఆ చేనులోకి దిగింది.