గంట లేని జోకొట్టమ్మ గుడి

జోకొట్టమ్మ కొండకు వచ్చే భక్తులు ముందుగా గమనించేది ఒక్కటే. ఈ గుడిలో గంట లేదు. కొబ్బరికాయ కూడా ఇక్కడ కొట్టరాదు, అమ్మవారికి చూపించి ఇంటికి తీసుకుపోవాలి. కారణం తెలియనివారు పూజారితో వాదిస్తారు. తెలిసినవారు చెప్పులతో పాటు మాటలు కూడా కిందే వదిలి వస్తారు.

పూర్వం, తెల్లదొరల కాలంలో, ఈ కొండ వల్లెపు గురప్ప అనే రాతి మేస్త్రీ సొంత క్వారీ. ఆయన సమ్మెట ఎత్తితే మబ్బులు పక్కకు తప్పుకొనేవి. దించితే ఏటి అవతల ఎద్దులు మోకాళ్ల మీద కూలబడేవి. నమ్మనివారు వెళ్లి చూడవచ్చు, ఆ ఎద్దుల సంతతి నేటికీ ఉలిక్కిపడుతూనే ఉంది.

అంతటివాడికీ ఒక బండ లొంగలేదు. మంచి రాయిని తడితే గంటలా మోగుతుంది. ఇది పచ్చికుండలా మూగగా పలికింది. లోపల పగులు ఉందనుకొన్నాడు గురప్ప. అయినా కొట్టక తప్పదు. కొండలో రాయి అయిపోవచ్చింది, దీని వెనక ఏమైనా దొరికితేనే పనివాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగేది. మంటపెట్టి కాల్చాడు, ఇనుప చీలలు దించాడు. చీలలు మైనంలా వంగిపోయాయి.

"నీ సమ్మెట ముసలిదైపోయింది మామా," అంది భార్య సుంకులమ్మ, సంగటి పెడుతూ.

"సమ్మెట బాగానే ఉందే, బండకే చెవుడు," అన్నాడాయన. తిని, ఆ బండ నీడలోనే ఒరిగాడు.

ఆ మధ్యాహ్నపు కలలో కొండంతా దూదిలా మెత్తబడింది. రాళ్లు తూనీగల్లా తేలుతున్నాయి. బండ లోపల ఒక తల్లి, ఒళ్లో పసిబిడ్డ. ఒక చేత్తో బిడ్డను జోకొడుతూ, రెండో అరచేతిని లోపలినుంచి రాతికి ఆనించి ఉంది.

"నాయనా, నువ్వు కొట్టినప్పుడల్లా చప్పుడు నా చేత్తో ఆపుతున్నాను. చెయ్యి కమిలిపోయింది. బిడ్డకు ఇప్పుడిప్పుడే కునుకు పడుతోంది."

లేచి చూస్తే, తాను కొట్టిన చోట రాతి మీద ఎర్రగా అరచేతి గుర్తు. గురప్ప సమ్మెటను భార్య పాతచీర పేలికలో చుట్టి అక్కడే పెట్టేశాడు.

"రేపేం కొట్టాల మేస్త్రీ? పిల్లోళ్లకేం పెట్టాల?" అని పనివాళ్లు అడిగారు.

"మెల్లిగా అడగండ్రా," అన్నాడు గురప్ప.

సుత్తి ముట్టకుండా, రాతికి చెవి ఆనించి కొండ చుట్టూ పాకాడు. ఆయన పాకిన పాకుడుకు రాయి అద్దంలా అరిగింది. భక్తులు ప్రదక్షిణ చేసే దారి అదే. పడమటి వాలులో ఒకచోట, ఎవరూ తట్టకుండానే, చెవి కింద రాయి గంటలా మోగింది. ఆ రాయి కొట్టుకొని పనివాళ్ల కుటుంబాలు తరతరాలు బతికాయి. అక్కడ ఎంత కొట్టినా ఇటువైపు చప్పుడు రాదు. అమ్మ చెయ్యి అడ్డముంది.

నేటికీ నిద్రపోని చంటిబిడ్డలను ఎత్తుకొచ్చిన తల్లులు ఆ గుర్తు మీద తమ అరచెయ్యి ఆనిస్తారు. కొండ దిగేలోపు బిడ్డ నిద్రపోతుంది. రాతిపనివారు కొత్త సుత్తిని గుడ్డలో చుట్టి ఒక పూట అమ్మ దగ్గర ఉంచుతారు. ఆ సుత్తితో కట్టిన గోడ బీటలు వారదు.

గురప్ప ప్రతాపాన్ని కొండ కింద ఎంత గొంతెత్తి చెప్పినా తప్పులేదు. ఇక్కడ మాత్రం ఇంతే. బిడ్డ లేస్తుంది.