గోడ కింద కాపురం

తొలివానలకే కొత్తకోట మట్టిగోడ ముందుకు ఉబ్బింది. కట్టించిన దళవాయి భైరవనాయుడు దానిమీద గచ్చు పూయించి, "ఇక వందేళ్లు కదలదు ప్రభూ!" అని రాజుకు చెప్పేశాడు.

చాపలల్లే ఈరమ్మ సభకొచ్చి మొరపెట్టుకుంది. "ఆ గోడ కిందే మా గుడిసెలున్నాయి దొరా. దాన్ని విప్పి, మట్టి పొరల మధ్య ఈతచాపలు పరిచి మళ్లీ కట్టించండి. చాప మట్టిని పట్టి ఉంచుతుంది, ముందుకు జారనివ్వదు."

దళవాయి పగలబడి నవ్వాడు. "చాపలతో కోట కడతారుటే?"

"అయితే మేం ఖాళీ చేస్తాం బాబయ్యా. వానలు వెలిసేదాకా తమరే పెళ్లాంబిడ్డలతో అక్కడ కాపురముండండి."

రాజు, "సబబుగానే ఉంది. ఇవాళే వెళ్లు నాయుడూ" అన్నాడు.

దళవాయి చేతులు జోడించి, "ప్రభూ... చాపలెన్ని కావాలో ఆవిణ్ణే అడగండి" అన్నాడు.