మోటారు చూడటానికి వచ్చినాయన

నాగావళి ఒడ్డున ఉన్న మా ఆశ్రమంలో పెద్దస్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. "ఉండనీ" అనేవారు. ఆ ప్రశ్న ఒక్కోసారి వారాల తరబడి అలాగే ఉండిపోయేది.

ఆయన శిష్యుల్లో సుధర్మానంద పూర్వం కాలేజీలో తత్వశాస్త్రం చెప్పినవాడు. సన్యాసం పుచ్చుకుని మూడేళ్ళయింది. మంచి వక్త, మెత్తని మనసు. ఒకనాటి పాఠం చివర ఆయన అడిగాడు: "స్వామీ, అందరినీ సమంగా చూడాలని చదువుతున్నాం, పదిమందికీ చెబుతున్నాం. నిజంగా అలా చూసే మనిషి ఎలా ఉంటాడు?"

"ఉండనీ" అన్నారు స్వామివారు.

తరువాత పదిహేను రోజులకు మా వార్షికోత్సవం వచ్చింది. ఉత్సవం నాడు మూడువందల మందికి భోజనాలు. ముందురోజు ఉదయం బోరు మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నం దాకా కూడా సరిపోవు. టౌనుకు కబురు పంపితే గవరయ్య అనే మెకానిక్ వస్తున్నాడని తెలిసింది. నేనప్పుడు వంటశాల అరుగు మీద గుమ్మడికాయలు తరుగుతున్నాను. జరిగిందంతా నా కళ్ళతో చూశాను.

గవరయ్యకు నలభై అయిదేళ్ళుంటాయి. మనిషి మూడున్నర అడుగులు. వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటరు మీద వచ్చాడు. దిగేటప్పుడు ఒక చేతిలో సామాను సంచీ, ఇంకో చేతిలో మడత స్టూలు. వెంటనే మోటారు ఎక్కడని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. అందరూ ఆయన్ని చూస్తున్నారు. వంటవాళ్ళలో ఇద్దరు మొహాలు తిప్పుకుని నవ్వారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకావిడ, ఆ రూపంలో సాక్షాత్తూ దేవుడే వచ్చాడంటూ వంగి కాళ్ళకు దండం పెట్టబోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరో ఫోను తీసి ఫొటో పట్టారు. నేనూ కత్తిపీట వదిలేసి వెళ్ళి నిలబడ్డాను. దాచుకోవడం ఎందుకు, నేను వెళ్ళింది మోటారు కోసం కాదు.

పంపుషెడ్డులో స్టార్టరు పెట్టె గోడకు ఎత్తుగా ఉంది. గవరయ్య స్టూలు వేసుకుని ఎక్కాడు. సుధర్మానంద ఆయన పక్కన నిలబడి అక్కడ చేరినవాళ్ళ వైపు తిరిగాడు. భగవంతుడు ఇంత చిన్న శరీరం ఇచ్చినా ఈయన ఎవరి ముందూ చెయ్యి చాచలేదని, అన్నీ ఉన్న మనం చిన్న కష్టానికే కుంగిపోతామని, ఈయన్ని చూసి నేర్చుకోవాలని చెప్పడం మొదలుపెట్టాడు. మాటల్లో వంకలేదు. ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. మధ్యలో గవరయ్య, మెయిను స్విచ్చి ఆపారా అని అడిగాడు. సుధర్మానంద ఆ, ఆ అని తలూపి తన మాట సాగించాడు. గవరయ్య మళ్ళీ అడిగాడు. సుధర్మానంద మళ్ళీ తలూపాడు. గవరయ్య పెట్టె మూత తీసి, ముట్టుకునే ముందు కరెంటు ఉందేమో చూసే టెస్టరు ఆనించాడు. దాని లోపల దీపం ఎర్రగా వెలిగింది.

గవరయ్య మూత తిరిగి పెట్టేశాడు. స్టూలు దిగి, మడిచి, సంచీ భుజాన వేసుకున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఉండి నిమ్మళంగా అన్నాడు:

"మీకు మోటారు కావాలో, నేను కావాలో తేల్చుకుని కబురెట్టండి."

అని స్కూటరు వైపు నడిచాడు. సుధర్మానంద మొహం తెల్లబోయింది. ఏం జరిగిందో ఆయనకు అప్పటికి అర్థం కాలేదు. మాలో ఒకడు పరుగెత్తి వెళ్ళి మెయిను ఆపాడు. దాన్ని అంతసేపూ ఎవరూ ఆపలేదని అప్పుడు తెలిసింది.

పెద్దస్వామివారు అంతవరకూ తమ గది ముందు కూర్చుని ఉన్నారు. లేచి కర్ర పట్టుకుని గవరయ్య వెనకాలే వెళ్ళారు. స్వామివారు క్షమాపణ చెబుతారనుకున్నాను. వారు చెప్పింది ఒక్కటే: "గవరయ్యగారూ, మాకు మోటారే కావాలి."

గవరయ్య ఆగి ఆయన వైపు తిరిగాడు. మోటారు ఆగేముందు ఎలాంటి శబ్దం వచ్చిందని అడిగాడు. మూలిగిందని స్వామివారు చెప్పారు. కాలిన వాసన వచ్చిందా అంటే వచ్చిందన్నారు. అలా మాట్లాడుకుంటూనే ఇద్దరూ వెనక్కి వచ్చారు. దారిలో గవరయ్య చెప్పాడట, పాతికేళ్ళుగా మోటార్లకు తీగ చుట్టే వైండింగు పని చేస్తున్నానని, ఏ ఊరు వెళ్ళినా ముందు తనను చూడటం అయ్యాకే మోటారు చూపిస్తారని. పిల్లకాయలు చూస్తే బాధ లేదట, వాళ్ళ సరదా తీరిపోతుంది, పెద్దవాళ్ళదే తీరదట.

ఈసారి షెడ్డులో స్వామివారూ మెయిను దగ్గర నిలబడ్డ మనిషీ తప్ప ఎవరూ లేరు. కాసేపటికి గవరయ్య పింగాణీ ఫ్యూజు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. అందులో సన్నని ఫ్యూజు తీగకు బదులు లావుపాటి రాగితీగ చుట్టి ఉంది.

"ఇది ఎవరు కట్టేరు?"

మాటిమాటికీ ఫ్యూజు పోతోందని నెల కిందట తానే కట్టానని సుధర్మానంద ఒప్పుకున్నాడు.

గవరయ్య అందరి ముందే ఆయన్ని చెడామడా తిట్టాడు. "ఫ్యూజు పోతోందంటే లోపల ఏదో బాగోలేదని చెబుతోంది. మీరు దాని నోరు కట్టేసేరు. మోటారు కాలి ఊరుకుంది, ఎవరైనా చచ్చిపోతే? తెలీని పని ముట్టుకోకూడదని మీకు ఎవరూ చెప్పలేదా?"

సుధర్మానంద తల వంచుకుని నిలబడ్డాడు. కాలిన మోటారును గవరయ్య తన కొట్టుకు పంపించి, అక్కడినుంచి వేరొకటి తెప్పించి బిగించాడు. పొద్దు వాలేసరికి ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆయన చేతులు కడుక్కుని, మా అందరి పంక్తిలోనే కూర్చుని భోంచేసి వెళ్ళాడు.

ఆ రాత్రి సుధర్మానంద స్వామివారి దగ్గరకు వచ్చాడు. గౌరవిస్తున్నాననుకుని గవరయ్య ప్రాణం మీదికి తెచ్చానని, తప్పు తెలిసిందని చెప్పాడు. చివరికి, ఇంకా ఒక ముల్లు గుచ్చుకునే ఉందని బయటపెట్టాడు. ఈ ఆశ్రమానికి వచ్చిన దగ్గరనుంచి ఎవరూ తనను అలా తిట్టలేదట. అంతమంది ఉండగా, గవరయ్య నోటికెంత వస్తే అంత అనేశాడట.

స్వామివారు శ్రద్ధగా విన్నారు. పదిహేను రోజులుగా ఆగి ఉన్న ప్రశ్న ఆయనకు గుర్తుంది.

"అయితే నీ కాషాయం ఆయనకు అడ్డు రాలేదన్నమాట" అన్నారు.