గుట్ట మీద గద్దల లెక్క

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు తీతువు పిట్ట కుంటుకుంటూ బోడిగుట్ట ఎక్కి, పైనున్న చదును బండ మీద రెక్కలు దులుపుకుంది.

వానలు వెనకపట్టాక ఉత్తరం నుంచి గద్దలు, డేగలు ఆ గుట్ట మీదుగా దక్షిణానికి పోతాయి. దాదాపు మూడు వారాల ప్రయాణం అది. ఆ మూడు వారాలూ గుట్ట కింద, పైనుంచి పిలిస్తే వినిపించేంత దగ్గరలో ఉన్న రేగుపొదలో పూరేడు పిట్టలు బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. పొదకు అవతల కొర్ర చేను. నడుమ రెండు వందల అడుగుల ఎర్రనేల, గడ్డిపోచ కూడా లేదు. తీతువు రోజూ గద్దల్ని లెక్కపెడుతుంది. లెక్క పది లోపుకు దిగిన మర్నాడు పూరేళ్లు చేలోకి దాటుతాయి. ఏటా ఇదే కట్టుబాటు.

ఈసారి తీతువు కాలికి ముల్లు గుచ్చుకుని నాలుగు రోజులు మంచాన పడ్డట్టయింది. అడగకుండానే నక్క ఆ పని నెత్తిన వేసుకుంది.

"నిన్నటి లెక్కెంత, మామా?" బండ మీదున్న నక్కను అడిగింది తీతువు.

"మూడు వందల పన్నెండు."

"ఇన్నాళ్లయ్యాక మూడొందలా?"

"ఈ ఏడు తీరే వేరు. నేను చెప్పేదేముంది, అవ్వనడుగు."

పూరేళ్లలో పెద్దది, అవ్వ, ముళ్ల సందులోంచి తల బయటపెట్టింది. "పద్నాలుగు మందిమి పది మందిమయ్యాం, తీతువక్కా. పొద్దు వాలాక గింజల కోసం పొద అంచుకు పోయినవాళ్లు పోయినట్టే. చేను కోతకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆకలికి చావాలో, గద్ద నోట పడాలో తెలియడం లేదు."

"గద్దలే," అంది నక్క. "నా కళ్లారా చూశాను పాపం."

"ఇవాళ నేనూ లెక్కపెడతాను," అంది తీతువు.

నక్క నవ్వింది. "ఆకాశం మీద పడుతుందని కాళ్లు పైకెత్తుకుని పడుకునేదానివి. నీకు లెక్కలెందుకే?"

"అందుకే ఆకాశాన్ని నీకంటే ఎక్కువసేపు చూశాను."

పదిన్నరకు బండ కాలింది. వేడిగాలి పైకి లేచింది. ఉత్తరం నుంచి వచ్చిన గద్దలు ఆ గాలిలో సుడి తిరుగుతూ ఎత్తుకు పోసాగాయి.

"ఒకటి! రెండు! అదిగో మూడు!" నక్క గొంతు చించుకుంది. పావుగంటలో నలభై దాటించింది. పొదలో పూరేళ్లు ఒకదాని కింద ఒకటి దూరాయి. తీతువు మెడ చాచి సుడినే చూస్తోంది.

"నోరు పడిపోయిందా, పిల్లా?"

"లేదు మామా. ఒక్కటే భయంగా ఉంది. ఎడమ రెక్కలో ఈక ఊడి, సందు కనిపించే గద్దలున్నాయి చూడు. అలాంటివి ఎక్కువుంటే ఈ ఏడు పొద కదలకూడదు. అవెన్నో కాస్త గట్టిగా చెబుతావా?"

పొద కదలకూడదన్న మాట నక్క చెవిలో తేనె పోసినట్టయింది.

"అదిగో ఒకటి! ఎడమ రెక్కే!" కాసేపటికి, "ఇంకోటి!" మళ్లీ, "మూడు!" ఏడు దాకా వెళ్లింది.

అవ్వ నెమ్మదిగా అడిగింది. "ఏడింటికీ ఎడమ రెక్కేనా, నాయనా?"

"ఎడమే!"

"ఏడింటికీ ఒకే చోట ఈక పోయిందా?"

"అచ్చం ఒకే చోట! రెక్క చివర నుంచి మూడోది!"

పొదలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, పదీ నవ్వాయి.

"ఒక్క గద్ద ఏడు చుట్లు తిరిగింది, అవ్వా," అంది తీతువు. "సుడిలో ఉన్నదాన్ని లెక్కపెట్టకూడదు. చుట్లు మానేసి, రెక్కలు చాపి, ఆ మొండి తాడిచెట్టు దాటి దక్షిణానికి జారినప్పుడే ఒకటి. మామవి కాకి లెక్కలు."

"నీ అరుపే అపశకునం! దాని మాట వింటే అందరూ చస్తారు!" నక్క పళ్లు కొరికింది.

"ఇంకో మాట," తీతువు పొద వైపు తిరిగింది. "గద్ద పిట్టను పట్టిన చోట పీకిన ఈకలు కుప్పగా పడుంటాయి. వచ్చేటప్పుడు పొద చుట్టూ తిరిగే వచ్చాను. ఒక్క కుప్ప లేదు. ఎవరో నోట కరుచుకుని దూరం తీసుకుపోయారు."

ఎవరూ నక్క పేరెత్తలేదు. కానీ పది జతల కళ్లు దాని మూతి మీదే ఆగాయి. "నాకు పనుంది" అని నక్క గుట్ట దిగిపోయింది.

తీతువు మాత్రం కదల్లేదు. బండ కాలుతుంటే కుంటికాలు పైకెత్తి ఒంటికాలి మీద నిలబడింది. పొద్దు వాలేదాకా తాడిచెట్టు మీంచి చూపు తిప్పలేదు.

"ఎంతక్కా?" అంది అవ్వ.

"ఆరు."

మర్నాడు తెల్లవారకముందే పూరేళ్లు ఒకదాని వెనక ఒకటిగా ఎర్రనేల దాటాయి. ఇటు బయలుదేరినవి పది, అటు చేరినవి పది. పొద్దు వాలాక నక్క పొద అంచున చాలాసేపు కూర్చుంది. లోపల ఆకు కూడా కదల్లేదు.

భయం లెక్క ఎవరైనా చెబితే, ఆ లెక్కతో ఎవరి కడుపు నిండుతోందో ముందు చూడాలి.

ఐదు రోజుల తర్వాత కాకి మోసుకొచ్చిన కబురు: పక్క గుట్ట మీద కౌజు పిట్టలకు గద్దల లెక్క ఇప్పుడు నక్కే చెబుతోంది. అక్కడ కౌజులు పదహారు ఉండేవి. ప్రస్తుతం పదమూడు.