గిలక మీద ఎర్రరంగు

తుని బైపాస్ పక్కన లారీలకు రంగులు వేసే లోవరాజు పనిమంతుడే గానీ, గరుకు కనిపిస్తే దాన్ని రుద్ది తీసే ఓపిక లేక, పైన మెరుపు పూసి కప్పేస్తుండేవాడు. తుప్పు పట్టిన తలుపు వచ్చినా సరే, పైపైన గుంటలు పూడ్చే లప్పం పెట్టి, లప్పం మీద రంగు, రంగు మీద వార్నిష్ కొట్టేవాడు. లారీ యజమానులు ఆ నిగనిగ చూసి మురిసిపోయేవారు. కొన్నాళ్లకు రంగు పెచ్చులూడి లోపలి తుప్పు బయటపడితే, "సముద్రపు గాలండీ, మనమేం చేస్తాం?" అనేవాడు. గాలి తిరిగి జవాబు చెప్పదు కదా. అందుకని అతని మాటే చెల్లిపోయేది.

అతని ఒక్కగానొక్క కూతురు నూకరత్నం పురిటికి పుట్టింటికి వచ్చి, ఇంకా అక్కడే ఉంది. మనవరాలు మోక్షితకు ఏడో నెల. చిగుళ్లు దురద పెట్టి, దొరికిన దాన్నల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఒకరోజు రత్నం పాత ట్రంకుపెట్టె తీసి, తను పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆడుకున్న, గలగలలాడే గిలకను బయటికి తీసింది. అది గట్టి ప్లాస్టిక్ ఏనుగు. చాపిన చెవులు, పట్టుకోవడానికి వీలుగా వంగిన తొండం. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. ఇప్పుడు పాలిపోయి, తాకితే సుద్దముక్కలా ఉంది. అతుకు దగ్గర అంచు లేచి గోటికి తగులుతోంది.

"నాన్నా, దీన్ని నున్నగా చేసిపెట్టవా? పాప అన్నప్రాసన నాటికి ఇద్దాం. నేను కొరికిందే అదీ కొరకాలి" అంది రత్నం.

"ఓస్, ఇదెంత పని! చూస్తూ ఉండు" అన్నాడు లోవరాజు.

అతని భార్య సత్యవేణి బియ్యం ఏరుతూ తలెత్తింది. "ఏవండీ, పసిదాని నోట్లో పెట్టేది. రంగులూ గింగులూ పెట్టుకోకండి. సబ్బునీళ్లతో కడిగి, నీళ్లలో ముంచిన గరుకు వాటర్ పేపర్‌తో నెమ్మదిగా రుద్దండి, చాలు."

"నాకు పని నేర్పుతున్నావా?"

"నేర్పడం లేదు. గుర్తు చేస్తున్నాను."

లోవరాజు గిలకను షెడ్డుకు తీసుకెళ్లాడు. వాటర్ పేపర్ తడిపి రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికే విసుగొచ్చింది. ఎంత రుద్దినా ఆ ప్లాస్టిక్ నున్నబడుతోంది గానీ మెరవడం లేదు. వచ్చిన చుట్టాలంతా చూసి, "ఇది లోవరాజు చేయి!" అనవద్దూ? పేపర్ పక్కన పారేశాడు. గుడ్డను రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి గిలకను గట్టిగా తుడిచాడు. ప్లాస్టిక్ కొంచెం జిగటగా వేలికి అంటుకుంది. ఆరితే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. తర్వాత లారీ ముందు భాగానికి వేసే ఎర్రరంగు రెండు పూతలు వేసి, పైన వార్నిష్ కొట్టాడు. రంగు ఆరిందో లేదో తెలుసుకోవడానికి వేళ్ల వెనకభాగంతో తాకి చూడడం లారీ మేస్త్రీల పద్ధతి. అలాగే తాకాడు. అంటలేదు. 'వానాకాలమంతా తడిసినా లారీ మీద నా రంగు ఊడదు. పాప ఉమ్మికి ఊడుతుందా?' అనుకున్నాడు. లారీని ఎవరూ నమలరన్న సంగతి అతనికి తట్టలేదు.

అన్నప్రాసన రోజు గిలక చూసి రత్నం కళ్లు పెద్దవి చేసింది. "అబ్బ, కొత్తదానిలా ఉంది! రంగు వేశావా నాన్నా?"

లోవరాజు ఒక్క క్షణం తడబడ్డాడు. "వేశాను. పిల్లల బొమ్మలకు వేసే రంగేలే, భయం లేదు" అన్నాడు.

సత్యవేణి అతని వంక చూసింది. ఇంటినిండా చుట్టాలున్నారు. మాట మింగేసింది.

పాయసం తినిపించడం అయ్యాక, పాప ముందు చాప పరిచి పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, కత్తి, పూలు పెట్టారు. పాప దేన్ని పట్టుకుంటే పెద్దయ్యాక అది అబ్బుతుందని ఒక నమ్మకం. లోవరాజు వాటి మధ్య ఎర్ర ఏనుగును కూడా పెట్టాడు.

సత్యవేణి తమ్ముడు బుల్లబ్బాయి ఊరుకోలేదు. "బావా, అంతా బాగుంది గానీ, ఏనుగు వెనకాల 'హారన్ కొట్టుము' అని రాయడం మరిచిపోయావ్!"

అందరూ ఫక్కున నవ్వారు. పాప బోర్లాపడి, పొట్ట మీద జరుగుతూ పుస్తకం దాటింది, గొలుసు దాటింది. తళతళలాడే ఏనుగును రెండు చేతులా పట్టుకుంది.

"తాత పోలికే!" అంటూ చప్పట్లు కొట్టారు. లోవరాజు ఛాతీ ఉప్పొంగింది. పాప ఏనుగును నేలకేసి కొట్టి, నోట్లో పెట్టుకుని చిగుళ్లతో నమిలింది. మళ్లీ కొట్టింది. మళ్లీ నమిలింది.

ముందుగా చూసింది రత్నమే. పాప పెదవుల వెంట ఎర్రగా కారుతోంది. "అమ్మా! రక్తం!" అని కేక పెట్టింది.

అది రక్తం కాదు, ఉమ్మిలో ఊడిన తన రంగేనని లోవరాజుకు తెలుసు. కానీ అంతకన్నా భయంకరమైనది అతని కంటపడింది. కిందపడిన ఏనుగుకు ఒక చెవి లేదు. థిన్నర్‌కు మెత్తబడి, రంగు కింద బీటలు వారిన ప్లాస్టిక్ చెవి విరిగిపోయింది. చాప మీద ఎక్కడా లేదు. పాపకు ఏడుపు రావడం లేదు. మొహం కందిపోతోంది.

సత్యవేణి ఒక్క అంగలో వచ్చి పాపను లాక్కుంది. ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, వీపు మీద అరచేత్తో గట్టిగా చరిచింది. ఇంకోసారి చరిచింది. మరోసారి చరిచేసరికి ఎర్రటి ముక్క ఒకటి చాప మీద పడింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని అక్కడున్నవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు.

వెంటనే పాపను ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ గొంతు చూసింది, ఛాతీ చూసింది. పెదవులకూ చిగుళ్లకూ అంటిన రంగును తడిగుడ్డతో తుడిచింది.

"ఇదేం రంగు?" అని అడిగింది.

"పిల్లల బొమ్మలకు వేసేదేనండి. మా నాన్న వేశారు" అంది రత్నం.

"అయితే ఫరవాలేదు. ముక్క బయటికి వచ్చేసింది కదా. ఇంటికి తీసుకెళ్లండి" అంటూ డాక్టరమ్మ కాగితం మీద రాయడం మొదలుపెట్టింది.

లోవరాజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ కాగితం పూర్తయితే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. కూతురి దృష్టిలో అతను మంచి తండ్రిగానే ఉంటాడు. కానీ పాప కడుపులోకి ఏం వెళ్లిందో ఆ గదిలో తెలిసినవాడు అతనొక్కడే. బల్ల దగ్గరికి నడిచాడు.

"డాక్టరుగారూ, రాయకండి. అది లారీ రంగు. పైన వార్నిష్ కూడా ఉంది. ముందు థిన్నర్‌తో తుడిచాను. అమ్మాయికి నేను అబద్ధం చెప్పాను."

కలం ఆగింది. రత్నం తండ్రి వైపు తిరిగింది. పాపను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"ఇలాంటి రంగుల్లో సీసం ఉండొచ్చు. రక్తపరీక్ష చేయాలి. పాపను ఇక్కడే ఉంచండి" అంది డాక్టరమ్మ. "ఇప్పటికైనా చెప్పారు. లేకపోతే నేను ఇంటికి పంపేసేదాన్ని."

సాయంత్రానికి పాప వాంతులు చేసుకుని తోటకూర కాడలా వాలిపోయింది. ఆస్పత్రిలోనే ఉండబట్టి వెంటనే సెలైన్ ఎక్కింది, వైద్యం అందింది. మెల్లగా కోలుకుంది. రక్తంలో భయపడాల్సిందేమీ లేదని కూడా తేలింది.

పాప ఇంటికి వచ్చింది గానీ, రత్నం తండ్రి చేతికి బిడ్డను ఇవ్వలేదు. అతను చేతులు చాపితే, "స్నానం వేళైంది" అనో, "పాలు పట్టాలి" అనో లోపలికి తీసుకెళ్లిపోయేది. తను చిన్నప్పుడు ఆడుకున్న గిలక ముక్కలను ఆమే కాగితంలో చుట్టి చెత్తలో పడేసింది. షెడ్డులో లోవరాజు పని తీరు మారింది. తుప్పు మొత్తం గీకనిదే లప్పం డబ్బా మూత తీయడం మానేశాడు. ఆలస్యమవుతోందని లారీవాళ్లు సణిగారు. సణగనిచ్చాడు.

ఒక ఉదయం రత్నం గట్టి ప్లాస్టిక్ చిలక బొమ్మను తెచ్చి అతని ముందు పెట్టింది. అదీ ఆ ట్రంకుపెట్టెలోదే. "ఇది పనికొస్తుందేమో చూడు నాన్నా" అని, పాపను చంకనెత్తుకుని అక్కడే నిలబడింది.

లోవరాజు వీధరుగు మీద అందరికీ కనిపించేలా కూర్చున్నాడు. బొమ్మను సబ్బునీళ్లతో కడిగాడు. సన్నటి వాటర్ పేపర్‌ను నీళ్లలో ముంచి, బలం పెట్టకుండా రుద్దాడు. రుద్దినప్పుడల్లా కడిగాడు. ఎండ పైకొచ్చినా లేవలేదు. తర్వాత చిన్న దూది ఉండతో బొమ్మంతా నిమిరాడు. ఎక్కడ దూదిపోగు చిక్కుకుంటే అక్కడ మళ్లీ రుద్దాడు. చివరికి దూది ఎక్కడా ఆగకుండా జారింది. బొమ్మకు మెరుపు రాలేదు గానీ నున్నబడింది.

"బాగుంది కదా, ఇచ్చేయమంటావా?" అంది రత్నం.

లోవరాజు బొమ్మను ఎండకు ఎత్తిపట్టి తిప్పి చూశాడు. రెక్క కింద వెంట్రుకంత సన్నని బీట ఉంది. పరీక్షగా చూస్తే తప్ప కనిపించదు.

"వద్దు తల్లీ. పైన నునుపొచ్చింది గానీ, లోపల బీట ఉంది. ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. అలమరాలో పెట్టుకుని చూసుకోవడానికే ఇది. పాప నోటికి మాత్రం ఇవ్వొద్దు."

రత్నం ఆ బీటను వేలితో తడిమింది. తండ్రి మొహంలోకి చూసింది. "కాస్త పాపను పట్టుకో నాన్నా, పొయ్యి మీద పాలు పొంగుతాయి" అని బిడ్డను అతని ఒళ్లో కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. తడిచేతులు పంచెకు తుడుచుకుని, లోవరాజు పాపను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

పిల్లలూ, లోపాన్ని కప్పిపెట్టడం బాగుచేయడం కాదు. ఓపికగా రుద్ది తీయగలిగితే తీయాలి, తీయలేకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎందుకంటే మనం కప్పిన లోపం చివరికి మనల్ని నమ్మినవాళ్లకే హాని చేస్తుంది.